మన పేరు, వాళ్ల లెక్క – 5వ భాగం: రద్దయిన కార్డు, కోర్టుకెక్కిన మనిషి

గత భాగంలో ఐటీ చట్టం 66ఎ సెక్షన్ కథ చెప్పుకున్నాం. అప్పటి చీరాల ఎమ్మెల్యే ఆమంచి కృష్ణమోహన్ మీద, తమిళనాడు గవర్నర్ రోశయ్య మీద ఫేస్‌బుక్‌లో రాసినందుకు 2013 మే నెలలో న్యాయవాది, పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ రాష్ట్ర అధ్యక్షురాలు జయ వింధ్యాలను అరెస్టు చేశారు. ఆ వారంలోనే సుప్రీంకోర్టు కలగజేసుకుంది. పై అధికారి అనుమతి లేకుండా ఆ సెక్షన్ కింద ఎవరినీ పట్టుకోవద్దని చెప్పింది. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్‌ల ధర్మాసనం ఆ సెక్షన్‌నే కొట్టేసింది. కృష్ణా జిల్లాలో పుట్టిన చలమేశ్వర్ పేరు ఈ కథలో ఇంకోసారి వస్తుంది, గుర్తుంచుకోండి.

అది మాట కోసం జరిగిన పోరాటం. మాట్లాడిన మనిషి, పట్టుకుపోయిన పోలీసు, విడిపించిన కోర్టు అందరూ కళ్లముందు ఉన్నారు. ఈ భాగంలో పోరాటం వేరు. ఇక్కడ ఎవరూ ఇంటికొచ్చి బెదిరించలేదు, కాగితం చేతిలో పెట్టలేదు. ఒక నెల రేషన్ షాపుకు పోతే కార్డు లేదన్నారు. ఎందుకు లేదో డీలరుకు తెలియదు, తహసీల్దారు ఆఫీసులో తెలియదు. ఆ ‘ఎందుకు’ను పట్టుకుని హైదరాబాద్‌లో కొందరు ఏళ్ల తరబడి తిరిగారు. వాళ్ల కథే ఇది.

కానీ కథ హైదరాబాద్‌లో మొదలు కాలేదు. మన దగ్గరే మొదలైంది.

ఆదిలాబాద్ పల్లెల్లో వేలిముద్ర

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి డబ్బులు పోస్టాఫీసు నుంచి వచ్చేవి. పని చేసిన వారాలకు గానీ చేతికి అందేవి కావు. అందేలోపు మధ్యలో ఎన్ని చేతులు తడవాలో కూలికి పోయినవాళ్లకే ఎరుక. దీనికి మందుగా ప్రభుత్వం స్మార్ట్‌కార్డులు తెచ్చింది. ఊళ్లోనే మహిళా సంఘం నుంచి వచ్చిన ఒక ఆమె చేతిలో చిన్న మిషను ఉండేది. కార్డు పెట్టి, వేలు పెడితే కూలి గానీ పింఛను గానీ అక్కడే ఇచ్చేవాళ్లు.

కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2010 నుంచి 2012 దాకా ఈ పథకాన్ని ఎనిమిది జిల్లాల్లో, 157 మండలాల్లో పరీక్షించి చూశారు. ఆ ఎనిమిదిలో ఆదిలాబాద్ ఒకటి. నేటి మంచిర్యాల జిల్లా పల్లెలు అప్పుడు అందులోనివే. వాళ్లు తేల్చింది సర్కారుకు తీపి కబురే. కూలి త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యే సొమ్ము గట్టిగా తగ్గింది, లబ్ధిదారుల్లో నూటికి 90 మందికి పైగా పాత పద్ధతి కన్నా ఇదే నయమన్నారు.

ఈ సంగతి చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. మిషను పేదవాడికి ఎప్పుడూ శత్రువేనని నేను రాయను. అయితే ఆ పథకంలో ఇంకో విషయం ఉంది, దాన్ని తర్వాతి ప్రభుత్వాలు మరిచిపోయాయి. కార్డు లేనివాళ్లకు, వేలిముద్ర పడనివాళ్లకు పాత దారి మూసేయలేదు. పథకం వచ్చిన మండలాల్లో రెండేళ్లకు కూడా సుమారు సగం చెల్లింపులే కార్డు ద్వారా జరిగాయి. మిగతావాళ్లకు డబ్బు ఆగలేదు. వేలు అరిగిపోయిన ముసలమ్మకు ఎదురుగా మనిషి ఉంది. ‘నేనే గదా బిడ్డా’ అంటే వినేవాళ్లున్నారు.

మన బొగ్గుబాయి వాళ్లకు ఇది మస్టరు లాంటిది. శ్రీరాంపూర్ గనుల్లో బాయి దిగినవాడికి మస్టరు పడకపోతే ఆ రోజు జీతం లేదు. కానీ కిటికీ దగ్గరికి పోయి అడగొచ్చు, ఓవర్‌మన్‌ను సాక్ష్యం తెచ్చుకోవచ్చు, యూనియన్ వాళ్లను పిలవొచ్చు. పొరపాటు జరిగిందని ఒప్పించడానికి ఒక చోటు, ఒక మనిషి ఉంటారు. ఈ భాగంలో వచ్చే వాళ్లంతా అడిగింది ఆ కిటికీనే.

ఒక్క రోజు లెక్క

2014 ఆగస్టు 19. తెలంగాణ వచ్చి మూడు నెలలు నిండలేదు. ప్రభుత్వం ఒక్క రోజులో ఇంటింటి లెక్క తీస్తానంది. దాని పేరు సమగ్ర కుటుంబ సర్వే. ఆ రోజు సెలవు. బస్సులు ఆగాయి, దుకాణాలు మూశారు, ఎవరి ఇంట్లో వాళ్లుండాలన్నారు. అంతకు ముందు రెండు రోజులు ముంబయి, భివండి, సూరత్ నుంచి వచ్చే బండ్లన్నీ కిక్కిరిసిపోయాయి. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వలస కూలీలు, సిరిసిల్ల నుంచి పోయిన మగ్గం పనివాళ్లు పిల్లాజెల్లలతో ఊళ్లకు తరలివచ్చారు. రాకపోతే కార్డు పోతుంది, పింఛను పోతుంది, తెలంగాణలో లేకుండా పోతామన్న భయం. ప్రభుత్వం అలా అనలేదని చెప్పినా ఎవరూ నమ్మలేదు.

సుమారు కోటి కుటుంబాల వివరాలు ఒక్క రోజులో కాగితాల మీదికెక్కాయి. ఎన్ని గదులు, ఏ కులం, బ్యాంకు ఖాతా ఉందా, బండి ఉందా, పశువులెన్ని, ఇంట్లో ఎవరికైనా జబ్బుందా. జనం దాచుకోకుండా చెప్పారు. కొత్త రాష్ట్రం మనదన్న నమ్మకం అది. ఎన్యూమరేటరుగా వచ్చింది కూడా పక్కవాడలో బడి పంతులే. ఆ కాగితాలు తర్వాత కంప్యూటర్లలోకి పోయి దేనితో కలుస్తాయని ఆ పూట ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికి తోస్తుంది?

తోచినవాళ్లు కొందరున్నారు. వాళ్లు అప్పటికి వేరే యుద్ధంలో ఉన్నారు.

స్వేచ్ఛ కుర్రాళ్లు

అమెరికాలో ఇంటర్నెట్ వాడేవాళ్ల హక్కుల కోసం 1990లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ పెట్టిన ముగ్గురిలో మిచ్ కేపర్ ‘లోటస్’ సాఫ్ట్‌వేర్‌తో కోట్లు గడించినవాడు, జాన్ గిల్‌మోర్ పెద్ద కంప్యూటర్ కంపెనీ తొలి ఉద్యోగుల్లో ఒకడు, జాన్ పెర్రీ బార్లో పశువుల క్షేత్రం నడిపిన పాటల రచయిత. చేతిలో డబ్బు, తీరిక ఉన్నవాళ్లు. మన దగ్గర మొదలుపెట్టినవాళ్లు ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు.

ఆ రోజుల్లో ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక గని కార్మికుల పిల్లలు, బీడీలు చుట్టే తల్లుల పిల్లలు కూడా ఆ గేట్లు దాటారు. లోపల ల్యాబ్‌లో కంప్యూటర్లున్నాయి గానీ వాటిలోని సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత ఎవరికీ లేదు. దొంగ సీడీలే దిక్కు. అలాంటి చోట 2005లో ‘స్వేచ్ఛ’ అన్న పేరుతో తెలుగులో మాట్లాడే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి వచ్చింది. దాన్ని తయారుచేసిన సంస్థ మొదట ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్ అని పిలిపించుకుని, తర్వాత అదే పేరు పెట్టుకుంది. ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వొచ్చు.

దీని వెనక నిలబడిన పేరు వై. కిరణ్‌చంద్ర. స్వేచ్ఛ వ్యవస్థాపకుడిగా, తర్వాత ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ ఆఫ్ ఇండియా ప్రధాన కార్యదర్శిగా ఆయన చేసిన పని ఒక్క మాటలో చెప్పాలంటే కార్యకర్తలను తయారుచేయడం. కాలేజీల్లో పిల్లలతో గ్లగ్ అని పిలిచే బృందాలు పెట్టించడం, వేసవి శిబిరాలు నడపడం, ప్రోగ్రాం రాయడంతో పాటు అది ఎవరికి పనికొస్తోందని అడగడం నేర్పడం. 2010 మార్చి 20, 21 తేదీల్లో బెంగళూరులో జరిగిన జాతీయ మహాసభ ముగింపులో రాష్ట్రాల సంఘాలన్నీ కలిసి ఈ దేశవ్యాప్త కూటమిని ప్రకటించాయి. అందులో తెలుగు వాళ్లది పెద్ద చెయ్యి.

ఈ పిల్లల పునాదులు ఎంత గట్టివో 2015లో తేలింది. ఆ ఏడాది ఫిబ్రవరి 10న ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ‘ఇంటర్నెట్.ఆర్గ్’ అనే ఉచిత సేవను మన దేశంలో మొదలుపెట్టింది. మొదట ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. తర్వాత దాని పేరు ‘ఫ్రీ బేసిక్స్’ అయింది. కంపెనీ ఎంచిన కొన్ని సైట్లు మాత్రం ఉచితం, మిగతా లోకం చూడాలంటే డబ్బు కట్టాలి. డేటా ఖరీదుగా ఉన్న కాలమది. నెలకు ఒక జీబీ వాడినవాడే ఘనుడు. పేదవాడికి ఉచితంగా ఇస్తుంటే అడ్డుపడతారా అన్న ప్రశ్న బలంగా వినిపించింది. ఎదురు చెప్పడం తేలిక కాదు.

ఎదురు చెప్పినవాళ్లు రెండు గుంపులు. ఒకటి ‘సేవ్ ది ఇంటర్నెట్’ పేరుతో కలిసిన న్యాయవాదులు, పత్రికల వాళ్లు, స్టార్టప్‌ల వాళ్లు. వాళ్ల పిలుపు మీద ఆ వేసవిలోనే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు పది లక్షలకు పైగా ఈమెయిళ్లు పోయాయి. రెండోది స్వేచ్ఛ లాంటి సంఘాలు, కాలేజీల నుంచి రోడ్డెక్కిన విద్యార్థులు. మొదటివాళ్ల బలం తెర మీద, రెండోవాళ్ల బలం వీధిలో. రెండింటి మాటతీరు వేరు, చదివిన పుస్తకాలు వేరు. ఒకరు మార్కెట్‌లో న్యాయమైన పోటీ గురించి మాట్లాడితే ఇంకొకరు జ్ఞానం ఎవరి సొత్తని నిలదీశారు. అయినా ఈ ఒక్క విషయంలో ఇద్దరూ ఒకే పక్కన నిలబడ్డారు.

ఫేస్‌బుక్ పత్రికల నిండా పేజీలకు పేజీలు ప్రకటనలిచ్చింది. ట్రాయ్‌కు పంపమని తానే ఒక నమూనా జవాబు రాసి తన వాడుకరుల ముందు పెట్టింది. ట్రాయ్‌కు చేరిన 24 లక్షల స్పందనల్లో ఎక్కువ భాగం ఆ నమూనావే. కానీ ట్రాయ్ అడిగిన ప్రశ్నలకు అందులో జవాబు లేదు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తేల్చి చెప్పింది. ఏ సైటు చూస్తున్నావన్నదాన్ని బట్టి ధర మార్చకూడదు, మారిస్తే రోజుకు 50 వేల రూపాయల చొప్పున 50 లక్షల దాకా జరిమానా. ప్రపంచంలోని పెద్ద కంపెనీల్లో ఒకటి ఈ దేశంలో ఓడింది. గెలిచిన ‘సేవ్ ది ఇంటర్నెట్’ గుంపులోంచే అదే ఏడాది ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ పుట్టింది. దాని పేరు మళ్లీ వస్తుంది.

కంపెనీ మీద గెలవడానికి ఏడాది పట్టింది. సర్కారు మీద అంత తొందరగా కాలేదు.

తెరిచి పెట్టిన తలుపులు చూపినవాడు

హైదరాబాద్‌లో శ్రీనివాస్ కొడాలి అనే యువ పరిశోధకుడు ప్రభుత్వ వెబ్‌సైట్లు చదివేవాడు. మనం పేపరు చదివినట్టు రోజూ. ఎక్కడ ఏ వివరం బయట పడి ఉందో రాసి పెట్టుకునేవాడు, సంబంధిత అధికారులకు రాసేవాడు. చాలాసార్లు జవాబు వచ్చేది కాదు.

2017 మే 1న ఆయన, అంబర్ సిన్హా కలిసి సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ తరఫున ఒక నివేదిక తెచ్చారు. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు, పది కోట్ల దాకా బ్యాంకు ఖాతాల నంబర్లు ఎవరైనా చూడగలిగేలా పడి ఉన్నాయన్నది దాని సారం. ఎవరూ తాళం పగలగొట్టలేదు. తలుపే వేయలేదు. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానివి. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, ఇంకొకటి చంద్రన్న బీమాది. దీనికి ఆధార్ సంస్థ నుంచి వచ్చింది కృతజ్ఞత కాదు, వివరణ అడుగుతూ ఉత్తరం.

ఆయన ఆగలేదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ సైటులో 1.34 లక్షల మంది ఆధార్ వివరాలు, వాటి పక్కన కులం, మతం, బ్యాంకు ఖాతా కనిపిస్తున్నాయని బయటపెట్టాడు. కులం పేరు కొడితే ఆ కులం ఇళ్ల జాబితా వచ్చేలా ఉంటే ఒక అల్లరి రోజున ఏం జరుగుతుందో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అదే ఏడాది జూన్‌లో అన్న సంజీవిని మందుల దుకాణాల సైటు సంగతి తేలింది. ఎవరు ఏ మందు కొన్నారో పేర్లతో, ఫోన్ నంబర్లతో సహా అందరికీ తెరిచి ఉంది. మనిషి డాక్టరుకు చెప్పడానికే సిగ్గుపడే జబ్బుల మందులు అందులో ఉన్నాయి.

ఈ పనిలో జీతం లేదు, చప్పట్లు లేవు, కేసుల భయం మాత్రం ఉంది. తప్పు ఎత్తిచూపినవాడినే దొంగలా చూసే అధికారుల నడుమ ఒక మనిషి ఇన్నేళ్లు నిలబడటం నాకు గొప్పగా తోస్తుంది. ఆయన పనికి ఒక అండ 2017 ఆగస్టు 24న దొరికింది. అంతరంగికత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. కేసు వేసింది కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. అప్పటికి ఆయనకు తొంభై ఏళ్లు దాటాయి. తొమ్మిది మందిలో చలమేశ్వర్ ఉన్నారు. 2015 ఆగస్టులో ఈ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపమన్న బెంచికి నాయకత్వం వహించిందీ ఆయనే.

రిక్షా తొక్కినవాడికి కారు

ఇప్పుడు 2014 సర్వే కాగితాల దగ్గరికి వద్దాం.

ఆ లెక్కను కూడా కలుపుకుని తెలంగాణ ప్రభుత్వం ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ కట్టింది. సుమారు 30 శాఖల వివరాలను ఒకదానితో ఒకటి కలిపి, ఒక మనిషి గురించి అన్నీ ఒకచోట చూపడం దాని పని. కరెంటు బిల్లు, బండి రిజిస్ట్రేషను, ఇంటి పన్ను, రేషను, పింఛను అన్నీ. హైదరాబాద్ కంపెనీ పోసిడెక్స్ సాఫ్ట్‌వేర్ ఇందులో వాడారు. ఆధార్ నంబరు లేని చోట పేరు, చిరునామా పోల్చి ఈ పేరూ ఆ పేరూ ఒకే మనిషివా అని కంప్యూటరు అంచనా కడుతుంది.

సర్కారు వాదన కొట్టిపారేసేది కాదు. 2015 జనవరి నుంచి మనిషికి ఆరు కిలోల బియ్యం, కిలో రూపాయికి ఇవ్వడం మొదలైంది. కార్లున్నవాళ్లు, పెద్ద ఇళ్లున్నవాళ్లు కూడా కార్డులు పెట్టుకుని తింటున్నారన్న మాట ప్రతి ఊళ్లో ఉంది. పల్లెలో ఏడాదికి లక్షన్నర, పట్నంలో రెండు లక్షల ఆదాయం దాటితే కార్డుకు అర్హత లేదు. అనర్హులను ఏరాలి కదా? ఏరాలి. ఎలా ఏరారన్నదే గొడవ.

పేర్లు పోల్చడం ఎంత చిక్కో సింగరేణి పల్లెలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఊళ్లో ఒక పేరు, గనిలో ఒక పేరుతో దిగినవాళ్లు ఒకప్పుడు ఎందరో. అన్న కాగితాల మీద తమ్ముడు ఉద్యోగం చేశాడు. ముప్పై ఏళ్లు బొగ్గు తవ్వి రిటైరయ్యాక కొడుకు వారసత్వ ఉద్యోగం దగ్గర రెండు పేర్లు కలవలేదని ఫైలు ఆగింది. మారుపేర్ల సమస్య కార్మిక సంఘాల డిమాండ్లలో ఏళ్ల తరబడి నలిగింది. మనుషులు కూర్చుని చూసినా తేలనిది, కంప్యూటరు క్షణంలో ఎలా తేలుస్తుంది?

తేల్చిందనే అనుకున్నారు. 2014 నుంచి 2019 లోపు రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహారభద్రత కార్డులు రద్దయ్యాయి. ముందు నోటీసు లేదు, ఇంటికొచ్చి చూసింది లేదు. హైదరాబాద్‌లో సైకిల్ రిక్షా తొక్కి బతికిన ఒకాయన కుటుంబానికి 2016లో కార్డు పోయింది. ఎందుకో ఏళ్ల తరబడి తెలియలేదు. ఆయన నోటి క్యాన్సర్‌తో పోయాడు. ఆయన భార్య తిరగ్గా తిరగ్గా తేలింది, రికార్డుల్లో ఆయనకు కారు ఉందట. దాదాపు అదే పేరున్న ఇంకొకరి కారు అది. ఆమె హైకోర్టుకెక్కి, ఆ కోర్టు చేత తన మాట నిజమనిపించుకుంది. ఆ మధ్య ఏళ్ల బియ్యం లెక్క ఎవరిస్తారు?

ఆమె లాంటి వాళ్ల వెనక నిలబడిన మనిషి ఎస్.క్యూ. మసూద్. పాతబస్తీలో పేదల మధ్య పనిచేసే ‘అసీమ్’ సంస్థ కార్యకర్త. కిరణ్‌చంద్ర లాగా సాఫ్ట్‌వేర్ నుంచి రాలేదు, కొడాలి లాగా డేటా నుంచి రాలేదు. రేషను, పింఛను, సమాచార హక్కు దరఖాస్తుల నుంచి వచ్చాడు. కార్డు పోయిందని వచ్చినవాళ్లను ఒక్కొక్కరిని వింటూ పోతే వాళ్ల కష్టాలన్నీ ఒకే కంప్యూటరు దగ్గర కలిశాయి. డిజిటల్ హక్కు అన్న మాట వినని బస్తీలో ఆ హక్కు అంటే ఏమిటో ఆయనకు బియ్యం సంచి చెప్పింది.

ఆయన పిటిషను సుప్రీంకోర్టుకు చేరింది. సీనియర్ న్యాయవాది కొలిన్ గొన్సాల్వెస్ వాదించారు. 2022 ఏప్రిల్‌లో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు నేతృత్వంలోని ధర్మాసనం, రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికీ పోయి మళ్లీ పరిశీలించమని రాష్ట్రాన్ని ఆదేశించింది. కంప్యూటరు చెప్పింది చాలదు, మనిషి పోయి చూడాలి అన్నదే ఆ ఉత్తర్వు అసలు అర్థం. మళ్లీ చూడమని సుమారు 4.92 లక్షల దరఖాస్తులు వచ్చాయి. వాటిలో 2.05 లక్షలు పరిశీలించేసరికే 15 వేలకు పైగా కుటుంబాలు అర్హులేనని తేలింది. నూటికి ఏడున్నర. ఆ ఏడున్నర శాతం అంకె కాదు, పొయ్యి మీది కుండ. దరఖాస్తే పెట్టుకోని కుటుంబాల లెక్క అందులో లేదు.

మాస్కు తీయనన్న సాయంత్రం

మసూద్ ఇంకో పోరాటంలోకి తనకు తెలియకుండానే దిగాడు. 2021 మే 19, కరోనా లాక్‌డౌన్ రోజులు. మామగారితో బండి మీద ఇంటికి పోతుంటే పాతబస్తీ షాగంజ్ దగ్గర పోలీసులు ఆపారు. మాస్కు తీయమన్నారు. ఎందుకని అడిగి, తీయనన్నాడు. మాస్కుతోనే ట్యాబ్‌లో ఫొటో తీసుకుని పంపేశారు. ఎందుకు తీశారో చెప్పలేదు.

ఇంటికొచ్చి మరిచిపోయే సంఘటన ఇది. ఆయన మరవలేదు. తెలంగాణ పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌లో 2018 నుంచే ముఖాన్ని గుర్తుపట్టే ఏర్పాటు ఉంది. 2020 జనవరి మునిసిపల్ ఎన్నికల్లో కొంపల్లిలోని పది పోలింగ్ కేంద్రాల్లో ఓటర్ల ముఖాలను మిషనుతో పోల్చి చూశారు. తన ముఖం ఎక్కడికి పోయింది, ఎన్నాళ్లుంటుంది, ఏ చట్టం కింద తీశారని అడుగుతూ నగర పోలీసు కమిషనరుకు లాయరు నోటీసు పంపాడు. తర్వాత ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ సాయంతో హైకోర్టులో పిల్ వేశాడు. 2022 జనవరి 3న కోర్టు ప్రభుత్వానికి నోటీసిచ్చింది. ముఖాన్ని గుర్తుపట్టే సాంకేతికతను దేశంలో కోర్టులో సవాలు చేసిన తొలి కేసుల్లో ఇదొకటి. ఫ్రీ బేసిక్స్ మీద పోరులో పుట్టిన సంస్థా, పాతబస్తీ కార్యకర్తా ఇలా ఒక కాగితం మీదికి వచ్చారు.

కిరణ్‌చంద్ర, కొడాలి, మసూద్ ముగ్గురిలో ఎవరూ ఇంకొకరి అనుచరులు కారు. అందరికీ ఒక జెండా లేదు, ఒక ఆఫీసు లేదు. మన వైపు ఉద్యమమంటే ఒక నాయకుడు, ఒక సభ, ఒక ఊరేగింపు. ఇది అలా సాగలేదు. సాఫ్ట్‌వేర్ తెలిసినవాడు, డేటా చదివేవాడు, బస్తీ తిరిగేవాడు ఎవరి దారిలో వాళ్లు నడిచి ఒకే తలుపు తట్టారు. నా ఎరుకలో ఈ పోరాటం బలం అదే, బలహీనత కూడా అదే. బలం ఎందుకంటే ఒకరిని ఆపితే అంతా ఆగదు. బలహీనత ఎందుకంటే హైదరాబాద్ దాటి జిల్లాలకు ఇది ఇంకా రాలేదు. కార్డు పోయినప్పుడు సుప్రీంకోర్టు దాకా తోడు నడిచే మసూద్ మంచిర్యాలకు లేడు, చెన్నూరుకు లేడు, ఆసిఫాబాద్ గూడేలకు అసలే లేడు.

నస్పూర్‌లో 2023 జూన్‌లో ప్రారంభమైన మంచిర్యాల జిల్లా కొత్త కలెక్టరేట్‌కు ప్రతి సోమవారం ప్రజావాణికి జనం వస్తారు. చేతిలో దరఖాస్తు, ఆధార్ జిరాక్సు. 2025 జూలై నుంచి రాష్ట్రంలో మళ్లీ కొత్త రేషన్ కార్డులు పంచారు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఇళ్లకు అది పండగే. ఈసారి ఎవరి పేరైనా తప్పిపోతే కారణం కాగితం మీద రాసి ఇస్తారా, ఇంటికొచ్చి చూస్తారా అని ఆ వరసలో నిలబడినవాళ్లు అడగాలి. అలా అడగడానికి 2022 సుప్రీంకోర్టు ఉత్తర్వు ఒక ఆధారం.

రేషను అయింది, ముఖం అయింది. ఓటు మిగిలింది. 2015 మార్చిలో ఓటరు కార్డుకు ఆధార్ కలిపే పని మొదలై, ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆగిపోయింది. మూడేళ్ల తర్వాత, 2018 డిసెంబరు 7న తెలంగాణ ఓటేయడానికి పోతే లక్షల పేర్లు జాబితాలో లేవు. బ్యాడ్మింటన్ తార గుత్తా జ్వాల కూడా తన పేరు కనిపించలేదంది. ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఇంకో మూడు నెలలకు మాదాపూర్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద పోలీసు కేసు పడి, ఆంధ్ర ఓటర్ల డేటా ఎవరి చేతిలో ఉందంటూ రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు ఒకదాని మీద ఒకటి ప్రత్యేక దర్యాప్తు బృందాలు వేసుకున్నాయి. తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్, టీఆర్‌ఎస్ మూడూ ఆ పంచాయతీలో దిగాయి. అంతకుముందే ఓటరు జాబితా మీద హైకోర్టుకు పోయిన శ్రీనివాస్ కొడాలి అందులో ఏం అడిగాడు, ఎన్నికల సంఘం ఏం చెప్పింది, తెలుగుదేశం పార్టీ సేవామిత్ర యాప్ చుట్టూ నడిచిన రాజకీయం ఏమిటన్నది వచ్చే భాగంలో.